పెద్దబాపు పోగులో చర్బీ

మైక్రోస్కోపులో కన్ను పెట్టగానే నా మీద నాకే ఒళ్ళు మండింది. పళ్ళేల మీద చీటీలు తారుమారు చేసి అంటించాననుకున్నాను. ఒక పళ్ళెంలో కణాలు కొవ్వు చుక్కలతో ఉబ్బి, లోపలంతా మెరుస్తూ, అడుగుకు గట్టిగా అంటుకుని హాయిగా బతికే ఉన్నాయి. పక్క పళ్ళెంలో ఒక్క చుక్క కూడా సరిగా లేని సన్నటి కణాలు ముడుచుకుపోయి, అడుగు నుంచి ఊడి, నీళ్ళలో తేలుతున్నాయి. చచ్చినవి ఇవి. లావువి బతికి బక్కవి చావడమేమిటి, నా బొంద! నిన్న సాయంత్రం బస్సుకు టైమవుతోందని తొందరలో ఏదో తప్పు చేసి ఉంటాను, ఇక మా పైఅధికారి మేడం చేత తిట్లు తినాల్సిందే అనుకున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల సంగతి ఇది. శామీర్‌పేట దాటాక రోడ్డు పక్కన కొత్తగా లేస్తున్న ప్రయోగశాలల్లో ఒకదానిలో నాకు చిన్న ఉద్యోగం. డిగ్రీ అయిన వెంటనే దొరికింది. మేడ్చల్ నుంచి రోజూ కంపెనీ బస్సు. నా పని కణాలను పెంచడం. వాటికి వేళకు మేత పెట్టాలి, పాత నీళ్ళు తీసి కొత్తవి పోయాలి, వెచ్చటి పెట్టెలో పెట్టి మూత వేయాలి, చచ్చినవెన్ని బతికినవెన్ని లెక్కబెట్టాలి. మా అమ్మ మాత్రం ఎవరడిగినా మా బిడ్డ పురుగులను సాదుతది అని చెప్పేది. మొదట్లో సరిదిద్దేదాన్ని. తర్వాత మానుకున్నాను.

ఆ వారం మేడం నాకు ఇచ్చినవి క్లోమగ్రంథిలో ఇన్సులిన్ తయారుచేసే జాతి కణాలు. ఒక పళ్ళెంలో పామిటిక్ ఆమ్లం కలపాలి. అది సంతృప్త కొవ్వు ఆమ్లం. నెయ్యిలో, పామాయిల్‌లో, మాంసం కొవ్వులో దండిగా ఉండేది. ఇంకో పళ్ళెంలో ఓలిక్ ఆమ్లం, పల్లి నూనెలో ఎక్కువగా ఉండే అసంతృప్త రకం. మూడోదాంట్లో ఏమీ కలపొద్దు, పోల్చి చూడడానికి. ఈ పామిటిక్ ఆమ్లంతో నా ప్రాణం పోయింది. నీళ్ళలో కరగదు. వేడి చేసి, వెచ్చటి ప్రోటీన్ ద్రవంలో కొద్దికొద్దిగా పోయాలి. కాస్త ఏమరితే తెల్లగా గడ్డకట్టి కూర్చుంటుంది. చలికాలం పొద్దున మటన్ కూర గిన్నె మూత తీస్తే పైన తెల్లటి పొర ఉంటుందే, అచ్చం అలాగే.

తప్పు ఒప్పుకుందామని మేడం గదిలోకి వెళ్ళాను. ఆమె తిట్టలేదు. మళ్ళీ చేయమంది. ఈసారి చీటీలు తనే రాసింది, తనే అంటించింది. ఒక రోజు గడిచాక ఇద్దరం కలిసి చూశాం. అదే తీరు. ఓలిక్ పోసినవి ఉబ్బి బతికాయి, పామిటిక్ పోసినవి సన్నగానే చచ్చాయి. తర్వాత నాతో ఇంకో పళ్ళెం పెట్టించింది, అందులో రెండు ఆమ్లాలూ కలిపి పోయించింది. చచ్చిన కణాల పళ్ళెంలో పోసినంత పామిటిక్ ఆమ్లమే ఇందులోనూ పోశాను, పైగా ఓలిక్ అదనం. అంటే మొత్తం కొవ్వు ఇంకా ఎక్కువ. ఇవి ముందే చస్తాయని నేను గట్టిగా అనుకున్నాను. ఒకటీ అరా తప్ప అన్నీ బతికాయి.

"చుక్కలున్న కణం కొవ్వును దాచుకోగలిగింది, అందుకే బతికింది" అంది మేడం. "ఇదేమో దాచుకోలేకపోయింది."

ఆమె ఒక కాగితం మీద బొమ్మలు గీసి చెప్పింది. ఓలిక్ ఆమ్లం గొలుసు నడుమ వంగి ఉంటుంది. అది తోడుంటే కణం కొవ్వునంతా చుక్కలు కట్టి ఒక పక్కకు నెట్టేస్తుంది. పామిటిక్ ఆమ్లం గొలుసు నిటారుగా ఉంటుంది. కొంచెమైతే ఫరవాలేదు, కణానికి అవసరమే, వాడుకుంటుంది. మోతాదు మించితేనే చిక్కు. చుక్కల్లోకి సరిగా పోదు, కణం లోపలి పొరల్లో దూరి వాటిని బిగుసుకుపోయేలా చేస్తుంది. ప్రోటీన్లు తయారై మడతపడేది ఆ పొరల దగ్గరే. అక్కడ బిగిస్తే మడతలు తప్పుతాయి, తప్పిన ప్రోటీన్లు కుప్పపడతాయి. శక్తిని తయారుచేసే భాగాలూ దెబ్బతింటాయి. కణం కొంతసేపు సర్దుకోవాలని చూస్తుంది, ఇక కుదరదని తేలాక తనను తానే చంపుకుంటుంది. బయటి నుంచి ఎవరూ చంపనక్కరలేదు.

మనుషుల్లోనూ ఇలాగేనా అని అడిగాను. ఆమె వెంటనే అవునని అనలేదు. మనిషి పళ్ళెం కాదంది. మాంసం కొవ్వులో రెండు రకాలూ కలిసే ఉంటాయంది. ఎక్కువైన అన్నాన్నీ చక్కెరనూ కాలేయమే పామిటిక్ ఆమ్లంగా మార్చుకుంటుందంది. కొవ్వును చర్మం కింద దాచుకునే చోటు మనిషి మనిషికీ వేరంది. ఆ చోటు తక్కువున్నవాళ్ళు ఎక్కువగా తింటే, మిగిలింది కాలేయంలోకీ క్లోమంలోకీ గుండెలోకీ పోతుందట.

"ఇంకో చిక్కేమిటంటే, సన్నగా ఉన్నవాళ్ళని ఎవరూ అనుమానించరు" అని కాగితం మడిచి చెత్తబుట్టలో వేసింది.

సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. మేడ్చల్‌లో దిగాల్సినదాన్ని దిగలేదు. కండ్లకోయ దగ్గర డ్రైవర్ వెనక్కి తిరిగి చూసి, ఇంకా ఇక్కడే ఉన్నావేందమ్మా అంటే గాని తెలివి రాలేదు. దారి పొడుగునా నా కళ్ళ ముందు మా నాన్నే, మా బాపే ఉన్నాడు.

మా బాపు బక్క మనిషి. ఎంత బక్కంటే అంగీ కొక్కేనికి తగిలించినట్టే ఉండేది. ఊళ్ళో బక్కాయన అంటే బాపే. ఆయన అన్న, మా పెద్దబాపు, దానికి పూర్తి ఎదురు. మంచం మీద కూర్చుంటే నవారు నేలకు తగిలేది. ఇద్దరివీ ఒకే గోడకు ఇటూ అటూ ఇళ్ళు. తొంభైలలో ఇద్దరికీ కలిపి ద్రాక్షతోట ఉండేది. కొమ్మలు కత్తిరించే రోజుల్లో బాపు పందిరి కింద పొద్దుందాకా చేతులు పైకెత్తి నిలబడి పనిచేసేవాడు. పెద్దబాపు గట్టు మీద కూర్చుని, తమ్మీ ఆ కొమ్మ మరిచినవ్ అని కేకలేసేవాడు. కూలీలు ముసిముసిగా నవ్వుకునేవాళ్ళు. బాపు ఒక్కనాడూ ఎదురు చెప్పింది నేను చూడలేదు.

ప్రతి ఆదివారం నాలుగిండ్లు కలిసి మేకను కోసేవాళ్ళు. చాప మీద మోదుగాకు పరిచి ఇంటికో వంతుగా పోగులు పెట్టేవాళ్ళు. మా వైపు పోగులు పెట్టడమంటే తమాషా కాదు. కండ ఎంతో, బొక్కలెంతో, కాలేయం ముక్కలెన్నో, చర్బీ, అదే మేక కొవ్వు, ఎంతో అన్నీ పోగుపోగుకూ సమానంగా రావాలి. ఒక పోగులో చర్బీ తక్కువ పడితే అదో పంచాయితీ, వారం దాకా ముఖాలు మాడ్చుకునేవాళ్ళు. చర్బీ అంటే మాకు అంత ప్రీతి.

నేను పదో తరగతి చదివే ఏడు పెద్దబాపు తోటలో కళ్ళు తిరిగి పడిపోయాడు. పట్నం డాక్టర్ బీపీ ఉందన్నాడు, ఒళ్ళు తగ్గాలన్నాడు, కొవ్వు ముట్టొద్దన్నాడు. పెద్దబాపు ఒంటి కోసం ఇంటిల్లిపాదికీ బెంగ పట్టుకుంది. మా పెద్దమ్మ ఆయన చేతి ముద్దలు కూడా కనిపెట్టి కూర్చునేది. మరి పోగులో వచ్చే చర్బీ ఏం చేయాలి? పోగు పోగే, అందులోంచి చర్బీ వద్దనడం మా ఆచారంలో లేదు. వేరే ఇంటికి ఇస్తే మిగతా ఇద్దరు అలుగుతారు. అప్పుడు పెద్దబాపే తేల్చాడు.

"నా వంతు తమ్మికియ్యుండ్రి. వాని బొక్కల మీదనన్న ఇంత పడ్తది" అన్నాడు.

అందరికీ ఎంత బాగా నచ్చిందో ఆ మాట! లావు మనిషికి చెరుపు చేసేది బక్క మనిషికి బలం. ఇంతకన్నా సులువైన లెక్క ఏముంటుంది? ఆ ఆదివారం నుంచి గోడ దాటి గిన్నె తెచ్చేది నేనే. అమ్మ రెండు వంతులూ కలిపి కరిగించి, ఉప్పూ కారం చల్లి డబ్బాకెత్తేది. వారమంతా బాపుకు పొద్దున జొన్నరొట్టె మీద, రాత్రి వేడన్నంలో గరిటెడు. ఆ అన్నం కూడా మామూలుగానా, పళ్ళెం నిండా గోపురం. బాపు తల వంచుకుని తినేవాడు. పక్కింటి నుంచి పెద్దబాపు, తిన్నడా అని కేకేసి అడిగేవాడు. తిన్నడు అని నేను గట్టిగా చెప్పేదాన్ని. అట్లా ఒక ఏడు కాదు రెండేళ్ళు కాదు, నేను డిగ్రీ ముగించి ఉద్యోగంలో చేరాక కూడా సాగింది.

నడుమ బోర్లు ఎండిపోయాయి. తోట సగం ప్లాట్లయింది, మిగతా సగంలో పందిరి రాళ్ళే మిగిలాయి. ఆ రోజుల్లోనే బాపు ఇంకా చిక్కిపోయాడు. చెంబులకు చెంబులు నీళ్ళు తాగేవాడు. రాత్రి నాలుగైదుసార్లు లేచేవాడు. తోట పోయిన దిగులు, రంది అన్నారు అందరూ. పెద్దబాపు కళ్ళనీళ్ళు పెట్టుకుని, మటన్ దుకాణానికి వెళ్ళి పోగు చాలదని ఇంకింత చర్బీ కొనుక్కొచ్చాడు. చిక్కిపోయినకొద్దీ పెట్టాం. పెట్టినకొద్దీ చిక్కిపోయాడు. ఇంత చదివిన నాకు, ఆ వారమంతా ఇన్సులిన్ కణాల ముఖం చూసిన నాకు, ఆ నీళ్ళ చెంబు చూస్తే ఏమీ తట్టలేదు. నా చదువు తగలెయ్య. కండ్లకోయలో రోడ్డు దాటి మేడ్చల్ బస్సెక్కాను.

ఆదివారం దాకా ఆగాను. గోడ అవతలి నుంచి పెద్దబాపు గిన్నె అందించాడు. నేను తీసుకోలేదు. ఇక బాపుకు ఇది పెట్టొద్దు, రేపు రక్తపరీక్షకు తీసుకుపోతాను అన్నాను. అమ్మ నవ్వింది. చక్కెర రోగం గీ బక్కపానానికి ఎట్లొస్తదే, తినేటోళ్ళకొస్తది గాని అంది. నేను పళ్ళేల సంగతి చెప్పాను, ఉబ్బినవి బతకడం సన్నటివి చావడం చెప్పాను. చెప్తున్నకొద్దీ నాకే అది పిచ్చిమాటలా వినబడింది. గొంతు పెరిగింది. ఇన్నేళ్ళుగా మీరంతా కలిసి ఆయన్ని చంపుతున్నారు అనేశాను.

పెద్దబాపు చేతిలో గిన్నె అట్లాగే ఉంది. ముఖం నల్లబడింది.

"నా తమ్మికి నేను విషం పెట్టిన్నా బిడ్డా?" అన్నాడు.

బాపు లేచి వచ్చి ఆ గిన్నె ఆయన చేతిలోంచి తీసుకున్నాడు. చిన్నపిల్ల, దానికేం తెలుసన్నా అని లోపలికి తీసుకుపోయాడు. ఆ పూట కూడా తిన్నాడు. నేను బయట గద్దె మీద కూర్చుని కోపంతో ఏడ్చాను.

సోమవారం ఉద్యోగానికి సెలవు పెట్టి బాపును లాక్కుపోయాను. మేడ్చల్‌లో పరీక్షలు చేసే చోట వేలు గుచ్చి చుక్క రక్తం తీశారు. మిషన్ మీద అంకె రాలేదు, అక్షరాలు వచ్చాయి. అది చూపించగల అంకె కన్నా పైన ఉందట. ఆ అమ్మాయి మిషన్ పాడైందేమోనని తన వేలు గుచ్చుకుని చూసింది. మిషన్ బాగానే ఉంది. ఆ సాయంత్రమే పట్నం ఆస్పత్రిలో చేర్చాం. పెద్దబాపు, అమ్మ కూడా వచ్చారు. స్కానింగ్ కాగితం చూసి డాక్టర్, ఈయన ఎంత తాగుతారని అడిగాడు. కల్లు కూడా ముట్టడని అమ్మ చెబితే నమ్మలేదు. కాలేయం నిండా కొవ్వు ఉందనీ, కొంత గట్టిపడిందనీ, గుండెకు పోయే నాళం ఒకటి మూసుకుపోయిందనీ చెప్పాడు.

"గీ బొక్కల గూడుల కొవ్వు యాడున్నది సారూ?" అని అమ్మ అడిగింది. వెటకారంగా కాదు, నిజంగా ఎక్కడుందో చూపించమని అడిగింది. డాక్టర్ మళ్ళీ కాగితమే చూపించాడు.

పెద్దబాపును కూడా పరీక్ష చేయించుకోమన్నారు. వద్దన్నాడు, మేమే బలవంతపెట్టాం. ఆయనకు చక్కెర రోగం లేదు. కాలేయంలో కొంచెం కొవ్వు, అంతే. ఇన్నేళ్ళు నోరు కట్టుకున్న ఫలితమని నర్సు మెచ్చుకుంది. ఆయన ఆ కాగితాన్ని మడతలు పెట్టి పెట్టి వేలంత చేసి జేబులో పెట్టుకున్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం బాపు దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను. ఇన్సులిన్ సూదులు మొదలయ్యాక కాస్త తేరుకున్నాడు. ఇంటికి పోయాక ఏం తినాలో, ఏం తినొద్దో చెప్తున్నాను. చర్బీ అనగానే నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇగ డాక్టరే వద్దన్నడు గదా. నేను తినకుంటే అన్న ఏమనుకోడు గదా?" అన్నాడు.

ఏమనుకుంటాడు బాపూ అన్నాను. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"నాకు గది ఎన్నడు మంచిగనిపియ్యలేదు బిడ్డా. వాసనకే కడుపుల తిప్పేది. అన్న తను నోరు కట్టుకొని నాకు పంపిస్తున్నడు, వద్దంటె చిన్నబోతడని తిన్న. నువ్వు చెప్పకు."

ఆరేళ్ళు. పదో తరగతి నుంచి నా చేతుల మీదుగా తెచ్చి పెట్టినదంతా ఆ మనిషి కడుపు తిప్పుకుంటూ మింగాడు. పక్కింటికి వినబడేట్టు తిన్నడని కేకేసిన నేను ఒక్క పూట కూడా ఆయన ముఖం వంక చూడలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. పక్క మంచం వాళ్ళు చూస్తున్నా ఆపుకోలేక వెక్కి వెక్కి ఏడ్చాను. బాపేమో, ఏందే పరేషాన్ జేస్తున్నవ్, మంచిగనే ఉన్న గదా అని నన్నే ఓదార్చాడు.

బాపు మరో ఏడాదిన్నర ఉన్నాడు. సూది నేనే వేసేదాన్ని. పొట్ట మీద చర్మం వేళ్ళతో పట్టుకుందామంటే దొరికేది కాదు. ఒక పొద్దున పళ్ళు తోముకుంటూ గుండె పట్టుకుని కూర్చున్నాడు, మళ్ళీ లేవలేదు. నేను అప్పుడు శామీర్‌పేటలో బస్సు దిగుతున్నాను.

మర్నాడు చుట్టాలు కాస్త పలచబడ్డాక పెద్దబాపు నన్ను పిలిచాడు. మా రెండిళ్ళ మధ్య గోడ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ముందు రోజు నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదని పెద్దమ్మ చెప్పింది. ఆయన ఏం అడుగుతాడో నాకు తెలుసు. నీ చర్బీ వల్లనే అని ఎవరూ తేల్చలేరు పెద్దబాపూ, అన్నం ఉంది, ఒంటి తీరు ఉంది, ఎన్నో ఉంటాయి అని చెబుదామని మాటలన్నీ సిద్ధం చేసుకునే వెళ్ళాను. అబద్ధం కూడా కాదది. మేడం నాకు చెప్పింది అదే.

ఆయన అదేమీ అడగలేదు.

"తమ్మి ఇష్టంగనే తినేటోడు గదా బిడ్డా?" అన్నాడు.

"అవ్ పెద్దబాపూ" అన్నాను. "మస్తు ఇష్టంగ తినేటోడు."